సోలెడు ఉప్పంటే ఎన్ని గ్రాములు? కావలిలో ఒక పచ్చళ్ళ ఇంటి కేసు

ఇంట్లో పచ్చళ్ళు, పిండివంటలు చేసి అమ్ముకునేవాళ్ళకు వంట లెక్కలు రాసిపెట్టడం నా పని. అంతకుముందు నెల్లూరులో పదేళ్ళకు పైగా స్వీట్ల తయారీలో ఉన్నాను. గిన్నెల్లో, గ్లాసుల్లో ఉన్న కొలతను గ్రాముల్లోకి మార్చే పని చాలా ఇళ్ళలో చేశాను. కావలిలో చేసిన ఈ కేసును మాత్రం అంకెలతో సహా పూర్తిగా రాయాలనిపించింది. ఇందులో తప్పు ఎక్కడ జరిగిందో కనుక్కోవడానికి మాకు తక్కెడ తప్ప ఇంకో దారి లేకపోయింది. ఇంటివాళ్ళు రాయమన్నారు, పేర్లు మాత్రం వద్దన్నారు.

అత్తాకోడళ్ళు నడిపే చిన్న వ్యాపారం అది. అత్తగారిని నేను పెద్దమ్మా అంటాను. ఆమె పుట్టిల్లు కందుకూరు పక్క పల్లె, మెట్టినిల్లు కావలి. నలభై ఏళ్ళుగా ఆవకాయ పెడుతున్న చెయ్యి. కోడలు ఆర్డర్లు, ప్యాకింగ్, లెక్కలు చూస్తుంది. ఇద్దరు పనిమనుషులు ఉన్నారు. మొదట్లో బంధువులకు పది కిలోలు పెట్టేవాళ్ళు, నాలుగేళ్ళలో అది వేసవికి కొన్ని వందల కిలోలైంది. అప్పటిదాకా పెద్దమ్మ ఒక్కతే కలిపేది. పని పెరిగాక కలిపే చేతులు నాలుగయ్యాయి. ఇబ్బంది అక్కడ మొదలైందని ఇప్పుడు చెప్పగలను కానీ, నేను వెళ్ళిన రోజు ఎవరికీ అలా అనిపించలేదు.

జూన్ రెండో వారంలో కోడలు ఫోన్ చేసింది. మే మొదట్లో పెట్టిన ఆవకాయ ఉప్పుకషాయమైంది. కొన్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. దాంతో తర్వాతి విడతలో సోలకు గిద్దెడు ఉప్పు తగ్గించారు (సోల పాతకాలపు కొలత పాత్ర, గిద్ద అందులో నాలుగో వంతు). ఆ విడతలో మూడు వారాలకే ముక్క మెత్తబడి, పైన తెల్లగా బూజు తేలింది. అంతకుముందు సంక్రాంతికి అరిసెలు నూనెలో విచ్చిపోయి ఒక రోజు పనంతా పోయింది. "మా అత్త చెయ్యి మారిందని అందరూ అంటుండారు. ఆమె అన్నం కూడా సరిగ్గా తినటం లేదు" అంది. ఆ మాటకే నేను మర్నాడు బస్సెక్కాను.

వెళ్ళేసరికి పెద్దమ్మ వసారాలో కూర్చుని ఉంది. కొలతలు తూచి చూద్దామని చెబితే, "నలభై ఏళ్ళుగా ఈ సోలతోనే చేస్తుండా నాయనా. ఎప్పుడూ తప్పంది ఇప్పుడెట్టా తప్పద్ది?" అని ఇత్తడి సోల నా ముందు పెట్టింది. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. సోల మారలేదు, ఆమె చెయ్యీ మారలేదు. అలాంటప్పుడు మారిందేమిటి?

మొదట ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. ముందు రోజు రాత్రే ఇంట్లో కూర్చుని ఒక లెక్క తయారుచేసుకుని వెళ్ళాను. అందరి దగ్గరా తిరిగే కప్పుల పట్టికలో ఉప్పు కప్పుకు 288 గ్రాములని ఉంటుంది. కప్పు 240 మిల్లీలీటర్లనుకుంటే, మిల్లీలీటరుకు 1.2 గ్రాములు. సోల ఎంత పడుతుందో తెలిస్తే ఉప్పు బరువు తేలిపోతుందనుకున్నాను. నిజానికి ఆ కప్పే ఒక్కటి కాదు. అమెరికా వాళ్ళ కప్పు సుమారు 237, పోషకాల లేబుళ్ళ మీద 240, మెట్రిక్ కప్పు 250, రైస్ కుక్కర్‌తో వచ్చేది 180 మిల్లీలీటర్లు. దానికి తోడు ఆ పట్టికలోని ఉప్పు ధారగా జారే సన్న ఉప్పు. పెద్దమ్మ ఉప్పు అది కాదు. ఆ కాగితం పట్టుకుని కలిపి ఉంటే, మొదటి విడత తప్పే నా చేతుల మీదుగా మళ్ళీ జరిగేది. అక్కడికి వెళ్ళాక దాన్ని పక్కన పెట్టేశాను. ఇంకొకరి గిన్నెకు, ఇంకొకరి పిండికి రాసిన పట్టిక మన వంటింటికి పనికిరాదు. ఆ ఇంటి గిన్నెను, ఆ ఇంటి సరుకును, పోసే ఆ చేతిని కలిపి తూచాలి.

వంటగదిలో 10 కిలోల దాకా తూచే, గ్రాము తేడా చూపే ఎలక్ట్రానిక్ కాటా పెట్టాం. బల్ల కదలకుండా కింద అట్టముక్క దోపాం. ఫ్యాను ఆపించాను, గాలికి అంకె నిలవదు. జూన్ ఎండలో ఫ్యాను లేకుండా నాలుగు గంటలు కూర్చోవడం అందరికీ కష్టమే అయింది కానీ ఎవరూ విసుక్కోలేదు. ఇంట్లో ముద్ర ఉన్న పాత కిలో రాయి ఉంటే దాన్ని పెట్టి చూశాం, 1000 చూపింది. పని మొదలుపెట్టే ముందు పడికట్టు రాయితో కాటాను సరిచూసుకోవడం ఎప్పటికీ మానకూడదు.

ముందు పాత్రలు. సోలను అంచు దాకా నీళ్ళతో నింపి తూచాం. నీళ్ళు గ్రాముకు మిల్లీలీటరు కాబట్టి, పాత్ర ఎంత పడుతుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా సులువు లేదు. ఇత్తడి సోల 420 మిల్లీలీటర్లు పట్టింది. మన పాత లెక్కలో నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. అంటే మానిక నాలుగు సోలలు, 1680 పట్టాలి. ఆ ఇంటి మానిక 1595 పట్టింది. అడుగున సొట్ట ఉందేమో అని తిప్పి చూశాం, లేదు. అప్పుడు పెద్దమ్మ చెప్పింది: సోల పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, మానిక అత్తగారిది. కందుకూరు సోలకు కావలి మానిక ఎందుకు సరిపోవాలి? రెండింటినీ ఎప్పుడూ కలిపి వాడుతున్నా ఆమెకు తేడా రాలేదు, ఎందుకంటే ఆమె ఆవకాయ ఆ రెండు పాత్రల మీదే కుదురుకుంది. ఇక పనిమనుషుల కోసం కోడలు బజారులో కొన్న స్టీలు సోల 385 పట్టింది. పేరు ఒకటే, పక్కపక్కన పెడితే కంటికి దాదాపు ఒకేలా ఉన్నాయి, తేడా 35.

ఉప్పు

పెద్దమ్మ ఆవకాయకు ఎప్పుడూ వాడేది ఇస్కపల్లి కల్లుప్పు. ఎండలో పోసి, చెమ్మ పోయాక రోట్లో కచ్చాపచ్చాగా దంచుతుంది. మే మొదటి విడతకు దంచే తీరిక లేక, బజారు నుంచి సన్న ఉప్పు ప్యాకెట్లు తెప్పించారు. కొలత అదే సోల, ఉప్పూ ఉప్పే కదా అనుకున్నారు.

ఆమెను ఎప్పుడూ పోసినట్టే పొయ్యమన్నాను. సోలను ఉప్పులో ముంచి, నేలకు రెండుసార్లు తట్టి, అరచేత్తో అంచు వెంట మిగిలింది తోసేస్తుంది. ఒక్కసారి తూచి వదిలేయకుండా అయిదుసార్లు తూచాం. దంచిన కల్లుప్పు 412, 421, 416, 423, 418 గ్రాములు వచ్చింది. సగటు 418. అయిదుసార్లలో తేడా 11 గ్రాములే. నలభై ఏళ్ళ చెయ్యి అంటే ఏమిటో ఆ అంకెల్లోనే ఉంది. ఆ మాట ఆమెకు చెప్పాను. అప్పటిదాకా బిగుసుకుపోయి ఉన్న మనిషి, కొంగుతో ముఖం తుడుచుకుని కొంచెం దగ్గరికి జరిగి కూర్చుంది.

తర్వాత అదే సోల, అదే చెయ్యి, సన్న ఉప్పు. 509, 514, 511, 513, 513. సగటు 512.

కాటా మీద అంకె చూసి కోడలు, "అత్తా, సోలకు దగ్గర దగ్గర వంద గ్రాములు ఎక్కువ పడింది" అంది. గింజల మధ్య ఖాళీ ఉంటుంది. కచ్చాపచ్చా ఉప్పులో ఆ ఖాళీ ఎక్కువ, సన్న ఉప్పులో తక్కువ. అదే సోలలో 94 గ్రాములు, అంటే నూటికి 22 పాళ్ళకు పైగా ఉప్పు ఎక్కువగా దూరింది. కొన్నవాళ్ళు ఉప్పుకషాయమనకుండా ఎలా ఉంటారు?

రెండో విడత ఎందుకు పాడైందో తేల్చడానికి ఇంకో గంట పట్టింది. గిద్దెడు తగ్గించారు, అంటే సోలలో నాలుగో వంతు. సన్న ఉప్పయితే 512లో నాలుగో వంతు తీస్తే 384, పాత లెక్కకు కొంచెమే తక్కువ. అంతమాత్రానికి మూడు వారాల్లో బూజు రాకూడదు. ఆ రోజు ఏ ఉప్పు కలిపారని ఒక్కొక్కరినీ అడిగాం. చివరికి పనిమనిషి ఒకామె గుర్తుచేసుకుంది: ఆ రోజు సన్న ఉప్పు అయిపోయింది, అటకమీది కల్లుప్పు దించి దంచి వేశారు. అంటే 418లో గిద్ద తగ్గింది. పడింది 313.

పక్కపక్కన పెడితే ఇలా ఉంది. పెద్దమ్మ లెక్క రెండు మానికల ముక్కలకు సోల ఉప్పు, సోలన్నర ఆవపిండి, సోలన్నర కారం, రెండు సోలల నువ్వుల నూనె. మెంతులు, వెల్లుల్లి విడిగా. అన్నీ తూస్తే ముక్కలు 1690 గ్రాములు, ఆవపిండి 300, కారం 285, నూనె 772. వీటికి 418 గ్రాముల ఉప్పు పడితే మొత్తం పచ్చడిలో ఉప్పు నూటికి 12. ఆమె ఆవకాయ ఏడాది నిలవడానికి కారణం అదే. 512 పడితే నూటికి 14 దాటింది. 313 పడితే 9 చిల్లర. ఈ మూడు లెక్కలకూ అందరూ చెప్పుకున్న మాట మాత్రం "సోల, కాకపోతే గిద్ద తక్కువ సోల". మొదట ఉప్పు రకం మారింది, తర్వాత కొలత మారింది, మధ్యలో రకం మళ్ళీ వెనక్కి మారింది. కొలత పాత్ర వాటిలో ఒక్కటీ బయటపెట్టలేదు.

పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే నా చెయ్యి కాదన్నమాట" అంది. ఆ రోజు మధ్యాహ్నం అన్నం ఆమే వడ్డించింది.

బూజు పట్టిన విడతను పూర్తిగా పారేయించాను. పైపైన తీసేసి కింద ఉన్నది అమ్ముదామనే మాట చాలా ఇళ్ళలో వస్తుంది. దయచేసి ఆ పని చెయ్యొద్దు. బూజు పైకి కనిపించిన చోటే ఉండదు. ఉప్పు ఎక్కువైన విడతలో ఇంకా 20 కిలోలు మిగిలి ఉంది. దాన్ని మాత్రం నిలబెట్టాం. 20 కిలోల్లో నూటికి 14.4 చొప్పున 2 కిలోల 880 గ్రాముల ఉప్పు ఉంది. అది నూటికి 12 కావాలంటే మొత్తం 24 కిలోలు కావాలి. కాబట్టి ఉప్పు వెయ్యకుండా ముక్కలు, ఆవపిండి, కారం, నూనె పాత పాళ్ళలోనే 4 కిలోలు కలిపి అందులో వేసి, రోజూ అడుగు నుంచి తిరగ్గలుపుతూ వారం ఉంచాం. ఆఖరి కాయ దొరకబట్టి ఆ పని కుదిరింది. గ్రాములు తెలియకపోతే ఇలాంటి చోట రుచి చూస్తూ ఇంకొంచెం, ఇంకొంచెం అని వేస్తూ పోవడమే.

మిగతా సరుకుల్లో తేడాలు

అన్నింటికీ ఇంత కథ లేదు. నూనె సోలకు 386 గ్రాములు. నూనె నీళ్ళకన్నా తేలిక అన్న సంగతి మనందరి ఇళ్ళలోనూ ఉంది, లీటరు నూనె ప్యాకెట్ మీద 910 గ్రాములని అచ్చువేసి ఉంటుంది. కారం, ఆవపిండి ఏ రోజుకారోజు కొంచెం మారుతాయి. అప్పుడే పట్టించిన కారం పొంగుగా ఉంటుంది, వారం నిలవుంటే అణుగుతుంది. మామిడి ముక్కలను పాత్రతో కొలవడం మాన్పించాను. టెంకతో ఉన్న ముక్క మానికలో ఎలా పడితే అలా ఇరుక్కుంటుంది. రెండుసార్లు నింపితే రెండు బరువులు వస్తాయి.

నెయ్యి సంగతి కొంచెం చెప్పాలి. సున్నుండలకు గరిటె లెక్కన వేస్తారు. పేరిన నెయ్యి గరిటెతో తీస్తే ఒకసారి 38 గ్రాములు, ఇంకోసారి 61. ఆ వంటింట్లో అన్నిటికన్నా ఖరీదైన సరుకు అది. ఏడాదిగా సున్నుండల్లో లాభం ఎందుకు కనిపించడం లేదో కోడలికి అప్పటిదాకా అంతుచిక్కలేదు. కుంచెడు గింజల కూలికి పోతే తూమెడు గింజలు దూడ మేసిందన్నట్టు, కారం దగ్గర, చక్కెర దగ్గర పొదుపు చేసి నెయ్యి దగ్గర పోగొట్టుకుంటున్నారు. ఇప్పుడు గిన్నెను కాటా మీద పెట్టి, జీరో నొక్కి, అందులోకే నెయ్యి వేస్తున్నారు. గరిటె అంటుకున్నది, గిన్నె బరువు అనే లెక్కలేవీ ఉండవు.

మెంతులు, ఇంగువ లాంటివి మాత్రం ఈ కాటా మీద తూచొద్దని చెప్పాను. గ్రాము తేడా చూపే కాటా 5 గ్రాముల దగ్గర ఒక గ్రాము అటూ ఇటూ అయినా నూటికి 20 తప్పు. పదో వంతు గ్రాము చూపే చిన్న కాటా ఒకటి కొన్నారు. అది వచ్చేదాకా చెంచాతోనే వేశారు.

అరిసెలు

సంక్రాంతి అరిసెల కథ ఉప్పుకన్నా చిక్కు. ఎందుకంటే అక్కడ సగం లెక్క పాత్రతో, సగం తూకంతో నడిచింది. బెల్లం అచ్చులు కొట్లో కిలోల్లో తూచి ఇస్తారు, అందులో తేడా రాదు. పిండి మాత్రం సోలల్లో లెక్క. పెద్దమ్మ లెక్క ప్రకారం 60 సోలల తడి పిండికి 7 కిలోల 800 గ్రాముల బెల్లం. ఆ రోజు ఆమెకు జ్వరం. పొయ్యి దగ్గర పనిమనుషులే ఉన్నారు.

జూన్‌లోనే, అరిసెల కాలం కాకపోయినా, నాలుగు కిలోల బియ్యం నానబోసి మరపట్టించి అదంతా మళ్ళీ చేయించాను. పెద్దమ్మ సోలను పిండిలో ముంచి, తట్టి, అంచు చదును చేసి తీసింది. 271, 284, 275, 279, 276. సగటు 277. తర్వాత పనిమనిషిని, సంక్రాంతినాడు ఎలా పోశావో అలాగే పొయ్యమ్మా అన్నాను. ఆమె స్టీలు సోల కింద పెట్టి, దాని మీదే జల్లెడ పట్టింది. పిండి మంచులా రాలి సోల నిండింది. చూడటానికి ఎంత అందంగా ఉందో. తూస్తే 188. మళ్ళీ 214, 197, 206, 195. సగటు సరిగ్గా 200.

ఆమె తప్పేమీ చెయ్యలేదు. జల్లించిన పిండి వెయ్యమన్నారు, జల్లించింది. సోలతో కొలవమన్నారు, కొలిచింది. జల్లించి కొలవడానికి, కొలిచి జల్లించడానికి మధ్య ఇంత దూరం ఉందని ఎవరు చెప్పారు ఆమెకు? తర్వాత ఇత్తడి సోల మీదే జల్లెడ పట్టించి చూస్తే 218 వచ్చింది. అంటే సోలకు పడిన 77 గ్రాముల లోటులో 18 పాత్ర వల్ల, మిగతా 59 జల్లెడ వల్ల.

60 సోలలకు ఎంతయింది? పెద్దమ్మ చేత్తో అయితే 16 కిలోల 620 గ్రాముల పిండి. ఆ రోజు పాకంలో పడింది 12 కిలోలు. బెల్లం మాత్రం పూర్తిగా పడింది. నాలుగున్నర కిలోలకు పైగా పిండి తక్కువైన చలిమిడి నూనెలో విచ్చిపోకుండా ఎలా ఉంటుంది? కలిపేటప్పుడే జారుగా ఉందని ఒకామెకు అనిపించిందట. కానీ లెక్క ప్రకారం 60 సోలలూ అయిపోయాయి, ఆరితే గట్టిపడుతుందిలే అనుకుంది. పెద్దమ్మ పక్కన ఉండి ఉంటే లెక్క పక్కన పెట్టి ఇంకో దోసెడు, ఇంకో దోసెడు వేసి ఉండేది. నిజం చెప్పాలంటే సోల లెక్కను ఇన్నేళ్ళు నిలబెట్టింది ఆ ఇంకో దోసెడే.

సరే, అయితే తడి పిండిని గ్రాముల్లో రాసేస్తే సరిపోతుందా? సరిపోదు. తడి పిండిలో నీళ్ళున్నాయి, ఎన్ని ఉన్నాయో రోజును బట్టి మారుతుంది. ఈశాన్య రుతుపవనాల ముసురు పట్టిన రోజు బియ్యం ఆరవు. అప్పుడు కిలో పిండిలో బియ్యం తక్కువ, నీళ్ళు ఎక్కువ. అందుకే అరిసెల లెక్కకు మూలం పొడి బియ్యం బరువుగా పెట్టాం. ముందు బియ్యం తూచాలి, నానబెట్టి వడగట్టి గుడ్డ మీద ఆరబోశాక మళ్ళీ తూచాలి. పెద్దమ్మ "ఇప్పుడు మరకు పంపొచ్చు" అని చేత్తో పట్టి చెప్పిన క్షణంలో మూడుసార్లు తూచాం. కిలో పొడి బియ్యం ప్రతిసారీ 1 కిలో 290 గ్రాముల దగ్గరే ఉంది. ఆమె చేతికి తెలిసిన తడి అది. దాన్ని వంటగది గోడకు పెట్టే లెక్కల షీట్‌లో రాశాం: 10 కిలోల బియ్యం 12 కిలోల 900 గ్రాములకు దిగాక మరకు. బెల్లం 6 కిలోలు. బియ్యం రకం మారితే ఈ అంకె మళ్ళీ కొత్తగా తూచుకోవాలి.

పాకాన్ని మాత్రం గ్రాముల్లోకి తెచ్చే ప్రయత్నం చెయ్యలేదు. పళ్ళెంలో నీళ్ళలో వేసి ఉండ కడుతుందో లేదో చూడటమే అక్కడ కొలత, అది పెద్దమ్మ దగ్గర నేర్చుకోవాల్సిందే. షీట్‌లో ఆ వరుసలో "పెద్దమ్మను పిలవాలి" అని కోడలు రాసింది. నేను దిద్దలేదు.

గోడమీది షీట్

బేకరీల్లో పిండిని 100 అనుకుని మిగతావన్నీ దానికి ఎంత పాళ్ళో రాసుకుంటారు. అదే పద్ధతిలో ఆవకాయకు ముక్కలను 100గా పెట్టాను. అయిదు కిలోలు పెట్టినా యాభై కిలోలు పెట్టినా హెచ్చవేత ఒక్కటే. పెద్దమ్మకు కనిపించేలా పెద్ద అక్షరాలతో పది కిలోల లెక్క ఇలా రాశాం:

ముక్కలు 10 కిలోలు
దంచిన ఉప్పు 2 కిలోల 470 గ్రాములు
ఆవపిండి 1 కిలో 780
కారం 1 కిలో 690
నువ్వుల నూనె 4 కిలోల 570 (దాదాపు 5 లీటర్లు)

ఇందులో గమనించాల్సింది, ఉప్పు సన్నదైనా దంచినదైనా ఈ 2 కిలోల 470 మారదు. బరువులో రాసినందువల్ల వచ్చిన పెద్ద మేలు అదే. రుచిలో, కరిగే వేగంలో కొంచెం తేడా ఉంటుంది కాబట్టి పెద్దమ్మ కల్లుప్పే కావాలంటుంది, నేనూ అదే మంచిదంటాను. కానీ ఒకరోజు అది దొరక్కపోయినా పచ్చడి పాడవదు.

షీట్ తయారయ్యే క్రమంలో ఇంకో సంగతి బయటపడింది. అర లీటరు డబ్బా నింపి అర కిలో అని లేబుల్ వేస్తున్నారు. పది డబ్బాలు తూస్తే కొన్ని 470, కొన్ని 540. ప్యాకెట్ సరుకుల తూనికలు కొలతల నిబంధనలు 2011 నుంచి అమల్లో ఉన్నాయి. పచ్చడి డబ్బా మీద నికర బరువు రాయాలి, రాసినంతా లోపల ఉండాలి. తక్కువ ఉంటే తప్పు, ఎక్కువ ఉంటే నష్టం. ఇప్పుడు డబ్బాను కాటా మీద పెట్టే నింపుతున్నారు. దీనికి పెద్దగా చర్చ అవసరం పడలేదు.

ఈ పని చేస్తున్నప్పుడు పెద్దమ్మ భర్త వచ్చి కాసేపు కూర్చున్నారు. సేద్యం చేసిన మనిషి. "మా వడ్లకు ఈ పని ఎప్పుడో చేశారు నాయనా" అన్నారు. నిజమే. పుట్టి అంటే ఇరవై తూములని పాత లెక్క, అది పాత్రతో కొలిచే కొలత. నెల్లూరు జిల్లాలో ఇప్పటికీ వడ్ల ధర పుట్టికే చెబుతారు, కానీ ఇప్పుడు పుట్టి అంటే 850 కిలోలు. పాత్ర పోయింది, పేరు నిలిచింది, లోపలికి బరువు వచ్చి కూర్చుంది. ఆయన మాట విన్నాక పెద్దమ్మకు ఈ పని మీద ఇంకా నమ్మకం కుదిరిందనుకుంటాను. ఆ తర్వాతి నుంచి సోల తీసుకురమ్మని ఎవరికీ చెప్పలేదు.

జూన్ చివర్లో, దొరికిన ఆఖరి కాయతో షీట్ ప్రకారం ఇరవై కిలోల ముక్కలు కలిపారు. పెద్దమ్మను ఏమీ ముట్టుకోవద్దని, పక్కన కూర్చుని చూడమని అడిగాను. కోడలు, పనిమనుషులే తూచి కలిపారు. మూడో నాడు తిరగ్గలిపేటప్పుడు నేనూ ఉన్నాను. పెద్దమ్మ ఊటలో వేలు ముంచి నాలుక మీద రాసుకుని, కళ్ళు మూసుకుని కాసేపు ఉంది. "ఆవ ఇంకొంచెం పడాల" అంది. ఉప్పు గురించి మాట్లాడలేదు. ఉప్పు సరిపోయిందా పెద్దమ్మా అని అడిగితే, "సరిపోబట్టే కదా అనలేదు" అంది. ఆవపిండి 1 కిలో 850కి పెంచి రాశాం. ఆ జాడీలు అక్టోబరులో, జనవరిలో తీసి చూశాం. ముక్క గట్టిగా ఉంది, పైన నూనె తేరుకుని ఉంది.

సంక్రాంతి ముందు వారమంతా ముసురు. మొదటి రోజు 10 కిలోల బియ్యం ఎప్పటి సమయానికే తీసి తూస్తే 13 కిలోల 500 ఉన్నాయి. పనిమనిషే షీట్ చూసి, మరకు పంపకుండా ఇంకో గుడ్డ మీద పల్చగా పరిచి, నలభై నిమిషాలాగి మళ్ళీ తూచి, 12 కిలోల 900 అయ్యాక పంపింది. కిందటి ఏడు జల్లెడ పట్టిన మనిషే ఆమె. ఆ రోజు అరిసె ఒక్కటీ విచ్చలేదు.

గోంగూర ఇంకా మిగిలి ఉంది. కడిగి ఆరబెట్టిన ఆకు ఉదయం ఒక బరువు, ఎండపడ్డాక ఇంకో బరువు ఉంటుంది. దానికి పచ్చి ఆకును మూలంగా పెట్టడం కుదరదు. నూనెలో మగ్గి దగ్గరపడ్డాక తూచి, ఆ బరువు మీద ఉప్పూ కారం లెక్క కట్టాలని అనుకుంటున్నాం. పెద్దమ్మ ఇప్పటికే రెండుసార్లు మగ్గించిన ఆకు తూయించి, కోడలి చేత పుస్తకంలో రాయించి పెట్టింది. వచ్చే నెల వెళ్ళినప్పుడు ఆ పుస్తకం నుంచే మొదలుపెడతాం.